అన్నకు అప్పులున్నయ్, నా ఫోన్ ఎత్తుతలేడు. ముందు అప్పు సంగతి చూడాల్నా, అన్న సంగతి చూడాల్నా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొద్దుగాల చదివిన, పనిలవడి పక్కకు పెడదామనుకున్న గని మనసుల నుంచి పోలె. అందుకే ఇప్పుడు కూసోని రాస్తున్న. జవాబు జెర పొడుగైతది, ఓపిక చేసుకో.

మిగతావాళ్ళకు అర్థమయ్యేటట్టు నువ్వడిగింది కురచగ చెప్త. మీది పరకాల దిక్కు ఊరు. నువ్వు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్, అన్న ఊర్లనే ఎవుసం చేస్తడు, ఇంటి భూమి మూడెకరాలు, కౌలుకు ఇంకో నాలుగు, పత్తి, మిర్చి. అప్పు పెరిగింది. నువ్వు ప్రతి ఆదివారం ఫోన్ చేసి లెక్కలడిగినవ్, ఎక్సెల్ షీట్ చేసి వాట్సప్‌ల పంపినవ్, ఏ పంట వేస్తె లాభమో వీడియోలు పంపినవ్, బ్యాంకుల కొంత నువ్వే కట్టినవ్. పత్తి తేమ ఉన్నదని సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) సెంటర్ కాడ వాపస్ పంపితే ప్రైవేటోనికి అగ్గువకు అమ్మిండని తెలిసి, "మంచిగ ఆరబెట్టి తీస్కపోవాలె గదా అన్నా" అన్నవ్. అన్న ఫోన్ పెట్టేసిండు, ఇగ అప్పటి నుంచి ఎత్తుతలేడు. వదిన ఎత్తి "చేన్ల ఉన్నడు" అంటది. ప్రేమ లేకనే ఇదంత చేస్తున్ననా, ముందు సమస్య తీర్చాల్నా ముందు ప్రేమ చూపియ్యాల్నా అని నీ బాధ.

సూటిగ చెప్త. ముందు అన్న, తర్వాతనే అప్పు. అప్పు చిన్నదని గాదు. ఆ వరుస తప్పితే అప్పు గూడ తీరదు, అందుకని. నీకు ప్రేమ లేదని నేనంటలేను, లేకుంటె ఇంత దూరం రాసేటోనివే గాదు. కని నీ ప్రేమ మొత్తం అప్పు మీదికెళ్ళే పోతున్నది. రేపు ఆ అప్పు తీరిపోయిందనుకో, ఆదివారం ఫోన్ చేసి అన్నతోని ఏం మాట్లాడుతవో ఒక్కసారి ఆలోచించు.

నేనెవరంటె, వరంగల్, భూపాలపల్లి, ములుగు దిక్కు రైతు కుటుంబాలల్ల చాన ఏండ్ల నుంచి పని చేస్తున్న, ముఖ్యంగ ఇంటాయన పోయిన ఇండ్లల్ల. అంతకు ముందు మహిళా సంఘాలల్ల చేసిన. పింఛన్ దరఖాస్తులు, బీమా కాయిదాలు, మీసేవ, తహసీల్ ఆఫీసు, బ్యాంకు, వీటి చుట్టు తిరుగుడే నా పని. అంటే సమస్యలు తీర్చుడే నా బతుకుదెరువు, ప్రేమ గురించి ప్రవచనం చెప్పెటోళ్ళల్ల నేను లేను. అందుకే చెప్తున్న.

మొదలు ఇది తెలుసుకో: అప్పు ఎన్నడు ఒక్కసారి బయటికి రాదు. ఏ ఇంటికి పోయి అడిగినా మొదలు బ్యాంకు క్రాప్ లోన్, సొసైటీ లోన్ చెప్తరు. అది చెప్పుకోనీకి నామోషీ లేదు, ఊర్ల అందరికుంటది. దాని కింద ఇంకోటుంటది, ఆడ్తి (మార్కెట్ల కమీషన్ వ్యాపారి) కాడ తెచ్చింది, మందుల షాపుల ఉద్దెర పెట్టింది, మిత్తికి తెచ్చింది. అది జెర నమ్మకం కుదిరినంక చెప్తరు. ఇగ అడుగున ఉండేది ఎవ్వరికి చెప్పరు: పెండ్లాం పుస్తెలతాడు కుదవ పెట్టింది, బామ్మర్ది కాడ చేబదులు తీసుకోని మూడేండ్లయినా ఇయ్యంది, బిడ్డ పెండ్లికని దాచిన పైసలు బోరుకు పెట్టింది, ఆ బోరు పడకపోయింది. మనిషిని రాత్రిళ్ళు నిద్ర పోనియ్యంది ఆ అడుగుదే. షీట్ల ఉండదు అది.

ఇప్పుడు నీ సంగతే లెక్క చూడు. రెండు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తె నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు. అదే రెండు లక్షల పంట రుణం బ్యాంకుల ఐతె 7 శాతం, టైముకు కట్టినోళ్ళకు 4 శాతమే పడ్తది, అంటే ఏడాదికి 8 వేలు. మిత్తి మూడు రూపాయలైతె ఇగ చెప్పనే వద్దు. నువ్వు ఏది కట్టినవ్? బ్యాంకుది. ఎందుకు కట్టినవ్? అన్న నీకు చెప్పింది అదొక్కటే గాబట్టి. పైగ మాఫీ అనేది వస్తె గిస్తె బ్యాంకు అప్పుకే వస్తది, 2024ల రెండు లక్షల దాక మాఫీ చేసింది గూడ పంట రుణాలకే, మిత్తి అప్పుకు ఆ మాఫీ లేదు. నీ కష్టం పైసలు వట్టిగ పోయినయని అంటలేను, అన్న నోరిప్పి చెప్పి ఉంటె అవే పైసలు ఆరింతలు అక్కరకొచ్చేవి. నోరెందుకిప్పలె అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు నీ ఫోన్లల్లనే ఉన్నది.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల ఆయనకు పరీక్ష లెక్కనే ఉంటది. పొద్దున లేచి ఫోన్ల వరంగల్ ఎనుమాముల మార్కెట్ జెండా పాట చూస్తవ్, "ఇయ్యాల మిర్చికి గింత పలికింది, నీకెందుకు గంతే వచ్చింది" అని అడుగుతవ్. జెండా పాట అంటె ఆ పొద్దుటి సరుకుల మంచి లాటుకు పలికిన పై రేటు, మార్కెట్ల కుప్పలు పోసుకోని కూసున్నోళ్ళందరికీ అది రాదు, కాయ రంగు, తేమ, తాలు చూసి కిందికి కోసుకుంట పోతరు. అది నీకు తెల్వదు, తెల్వకపోవుడు తప్పు గాదు, కని ఆయనకు వినపడేది ఏందంటె "నీకు అమ్ముకునుడు చాతగాదు" అని.

సీసీఐ సంగతి గూడ గంతే. పత్తిల తేమ 8 శాతం ఉంటె పూర మద్దతు ధర, 12 దాక ఉంటె కోత పెట్టుకోని తీసుకుంటరు, 12 దాటిందంటె వాపసే. 2025-26 సీజన్ల పొడుగు పింజకు ఆ ధర క్వింటాలుకు 8,110 ఉండె. చలికాలం మంచుకు పొద్దుగాల ఏరిన పత్తి ఎంత ఆరబెట్టినా తేమ గుంజుతది. ట్రాలీ కిరాయకు మాట్లాడుకోని, రాత్రి పూట జిన్నింగ్ మిల్లు ముందల లైన్ల పెట్టి, చలిల బస్తా కప్పుకోని ట్రాలీ మీదనే పండి, పొద్దుగాల మీటరు గుచ్చితే 14 చూపిచ్చిందనుకో. వాపస్ తీస్కపోతే మళ్ళ కిరాయ, మళ్ళ హమాలీ, మళ్ళ లైను. పక్కనే ఉన్న ప్రైవేటోడు వెయ్యో పదిహేను వందలో తక్కువ చెప్తడు, ఇచ్చేసి ఇంటికొస్తడు. అట్ల వచ్చిన మనిషికి నువ్వు ఫోన్ చేసి ఆరబెట్టాలె గదా అన్నవ్. నీ మాట కరెక్టే. ఆ టైముకు "రాత్రంత ఆడనే ఉన్నవా అన్నా, ఏమన్న తిన్నవా" అని అడగాల్సి ఉండె. తేమ ముచ్చట నెల తర్వాత చెప్పినా ఏం మునిగిపోదు, పత్తి ఎట్లాగూ అమ్ముడు వోయింది.

ఇంకోటి. ఆయన నీకు అన్న. చిన్నప్పుడు నీ స్కూలు ఫీజుకు బాపుతోని పాటు ఆయన గూడ చెమటోడ్చి ఉంటడు, నువ్వే రాసినవ్ ఇంటర్ కాంగనే చదువు బందు పెట్టి నాగలి పట్టిండని. అట్లాంటి మనిషి ఇప్పుడు తమ్మునికి లెక్క అప్పజెప్పాలె. నువ్వు పైసలిచ్చే కొద్ది, సలహాలు చెప్పే కొద్ది ఆయన నీ ముందల చిన్నోడైతున్నడు. ఫోన్ ఎత్తకపోవుడు కోపం అనుకుంటున్నవ్ నువ్వు. నాకైతె అది తల కాపాడుకునుడు లెక్క కనపడ్తది.

నా పనిల చూసింది ఒకటి చెప్త. భూపాలపల్లి దిక్కు ఒక ఊరు, 2021ల మిర్చికి నల్లతామర పురుగు వడ్డది యాదికుందా, పూతల పురుగు జేరి తోటలకు తోటలు పోయినయ్, మందులు కొట్టి కొట్టి అప్పులైనయ్ తప్ప పురుగు పోలె. ఆ సీజన్ల ఒకాయన చనిపోయిండు. కౌలు రైతు. సొంత పాసుబుక్కు లేదు గాబట్టి రైతు బీమా లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2015 జీవో ప్రకారం 6 లక్షలు రావాలె, 5 కుటుంబానికి, 1 అప్పులోళ్ళ సెటిల్మెంటుకు. దానికి ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, భూమి కాయిదాలు, అప్పుల రుజువులు కావాలె, ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ ఏడీ ముగ్గురి కమిటీ వచ్చి చూడాలె. మా టీముల కొత్తగ చేరిన పిల్లలు ఫారాలు పట్టుకోని పోయిన్రు, మంచి పిల్లలు, ఉషారైనోళ్ళు. ఎవరి కాడ తెచ్చిండు, ఎంత తెచ్చిండు, కౌలు ఎంత, నోటు రాసిండా. ఆమె అన్నిటికి ఒక్కటే జవాబు, "నాకు తెల్వదు". మళ్ళ పోయిన్రు, మళ్ళ అదే. ఆమెకు నిజంగనే ఏం తెల్వదేమో అని ఫైలు పక్కకు పెట్టిన్రు.

మా దాంట్ల ఒక పెద్దామె ఉండె, చదువు తక్కువ, మేమందరం పెద్దమ్మా అని పిలుస్తుంటిమి. ఆమె పోయింది, నేను గూడ ఎంబడి పోయిన. ఫారం సంచిల నుంచి తియ్యనే లేదు. ఆ ఇంటామె కల్లంల మిర్చి కాడ కూసోని తాలు కాయ ఏరుతున్నది, మిగిలిన కాస్త పంట, కౌలు భూమిదే. పెద్దమ్మ పక్కన కూసోని తను గూడ ఏర వట్టింది. ఎర్ర కాయ ఒక దిక్కు, తెల్లగైన కాయ ఒక దిక్కు. ఘాటుకు నాకు దగ్గు ఆగుతలేదు, వాళ్ళిద్దరికి ఏం కాలె. మాటలేందంటె పిల్ల ఎన్నో తరగతి, బర్రె ఈనిందా, నీ తల్లిగారిది ఏ ఊరు. చనిపోయినాయన పేరే ఎత్తలె. పొద్దుగూకినంక లేచి వచ్చినం. నాకైతె కడుపుల మంట, ఒక రోజు వట్టిగ పోయిందని.

తర్వాత ఇంకోసారి పోయినప్పుడు ఆమెనే లోపలికి పోయి బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి, బియ్యం కింది నుంచి ఒక నోట్‌బుక్ తీసింది. పిల్ల స్కూల్ నోట్‌బుక్కే, సగం దాక పిల్ల లెక్కలు, ఎనుక నుంచి ఆయన రాసుకున్నయి. కౌలు ఎవలకు ఎంత ఇచ్చిండు, ఏ తారీఖు, ఏ షాపుల ఏ మందు తెచ్చిండు, మిత్తి ఎంత. అంత ఆమెకు తెలుసు. మొదటి పేజీల మొదటి పేరు ఆమె సొంత అన్నది. ఆ పేరు ఆఫీసు కాయిదం ఎక్కితె తల్లిగారింటితోని తెగిపోతదని భయం, అందుకే "తెల్వదు" అన్నది. ఫారం పట్టుకోని వచ్చినోళ్ళకు ఎందుకు చెప్పాలె? వాళ్ళకు కావాల్సింది కాయిదం, ఈమె ఏమైపోయినా వాళ్ళ ఫారం నిండితె చాలనే కదా కనపడేది.

ఆ 6 లక్షలు ఇంకా రాలె. ఫైలు తిరుగుతనే ఉన్నది. కౌలు రైతని రుజువు చేసుడు అంత కష్టం, కౌలు రైతులకు గుర్తింపు కార్డులియ్యాలని 2011ల చట్టమొచ్చింది గని మా దిక్కు చేతిల కార్డున్న కౌలు రైతు కనపడుడే అరుదు. వితంతు పింఛన్ 2,016 వస్తున్నది, ఆమె కూలికి పోతది, పిల్ల హాస్టల్ల చదువుతున్నది. పెద్దమ్మ రిటైరైనంక గూడ బతుకమ్మ పండుగకు ఆ ఇంటికి పోతది. సమస్య తీరలేదని మనిషి దగ్గరికి పోవుడు మానలె. మన దిక్కు ఎవుసం సమస్యలు సగం మన చేతుల ఉండవు, రేటు మన చేతుల లేదు, వాన మన చేతుల లేదు, భూమి కాయిదాలు ధరణి అన్నరు, ఇప్పుడు భూ భారతి అంటున్నరు. తీరితేనే పోత అనుకుంటె చాన ఇండ్లకు పోయే ముఖమే ఉండదు.

నవ్వుకుందువు గని ఇంకో ముచ్చట. హన్మకొండల మా ఇంటెనుక ఒకామె ఉంటది, కొడుకు అమెరికా. బంగారమసొంటి పిల్లగాడు. బీపీ మిషన్, నీళ్ళ ఫిల్టర్, మోకాళ్ళకు పట్టీలు, హాల్ల కెమెరా, అన్ని పంపిండు. రోజు వీడియో కాల్ చేస్తడు, చేయంగనే "అమ్మా బీపీ ఎంతుంది, గోలీ వేసుకున్నవా, నీళ్ళు తాగినవా". ఆమె ఏం చేసిందంటె కెమెరా మీద తువ్వాల కప్పింది. బీపీ నంబర్లు గూడ ఉత్తుత్తవి చెప్తది, 130 కి 80, రోజు అదే. ఎందుకమ్మా అట్ల అంటె, "నంబరు మంచిగ చెప్తె జల్ది అయిపోతది, తర్వాత సకినాల ముచ్చట చెప్పొచ్చు" అన్నది. మంచిగ మాట్లాడనీకి అబద్ధం చెప్పాల్సొస్తున్నది ఆమెకు, ఆ అబద్ధాలతోని డాక్టరు గూడ ఏం చెయ్యలేడు.

సరే, ఇప్పుడు నువ్వేం చెయ్యాలె. ఫోన్ బందు పెట్టు, పో. ఉప్పల్ల బస్సెక్కితే హన్మకొండ ఎంత సేపు. ఇప్పుడు మిర్చి ఏరుడు నడుస్తుంటది, కూలోళ్ళు దొరకక అందరు తిప్పలవడుతున్నరు, నువ్వు పోయి రెండ్రోజులు కల్లం కాడ ఉండు. లాప్‌టాప్ తీస్కపోకు. అప్పు ముచ్చట నీ అంతట నువ్వు తియ్యకు, ఆయన తీస్తె విను, తియ్యకపోతె ఇంకోసారి పోయినప్పుడు తీస్తడు. రాత్రి కల్లం కావలికి ఆయనతోని నువ్వు గూడ పో, మన దిక్కు మగోళ్ళు ఎదురెదురుగ కూసోని మనసిప్పి మాట్లాడుకునుడు తక్కువ, పక్క పక్కన పండుకోని చీకట్ల చెప్పుకుంటరు.

ఆయనను ఏదన్న అడుగు. ఇది నవ్వులాటకు చెప్తలేను, నిజంగనే నీకు అక్కర ఉన్నదే అడుగు. నీ పిల్లల గురించి, అత్తగారింట్ల ఏదో పంచాది గురించి, బాపు మాసికం ఎట్ల చెయ్యాలె, ఏడాదికి సరిపోను కారం పట్టియ్యాలె, మంచి కాయ నువ్వే ఏరి పెట్టు అన్నా అని. ఇన్ని రోజులు ఇచ్చేటోడు నువ్వు, తీసుకునేటోడు ఆయన. ఒక్కసారి అటుది ఇటు కానియ్. మళ్ళ ఫోన్ చేస్తె కారం ముచ్చట చెప్పనీకన్న ఎత్తుతడు.

చెప్పుడు మొదలు పెట్టినంక "నేను అప్పుడే చెప్పిన" అనే మాట నోట్ల నుంచి రానియ్యకు. "ఎవరు తెమ్మన్నరు మూడు రూపాయల మిత్తికి" అనొద్దు. మధ్యల ఫోన్ తీసి లెక్క కొట్టుడు అసలే వద్దు. ఊ కొట్టు. మనసాగకపోతె అడుగు, "నేనేమన్న చెయ్యాల్నా అన్నా, లేకుంటె ఉత్తగ చెప్పుకుంటున్నవా" అని. చాన సార్లు ఉత్తగనే చెప్పుకుంటరు. చెప్పుకున్న తెల్లారి వాళ్ళే అంటరు, "ఆ బంగారం సంగతి ఒకటి చూడాలెరా" అని. అప్పుడు నీ ఎక్సెల్ తియ్యి, అప్పుడు అది అక్కరకొస్తది. ఎక్కువ మిత్తిది ముందు, బ్యాంకుది చివరికి, బంగారం వేలం తారీఖు దగ్గర పడ్డదా చూసుకో.

ఇగ జాగ్రత్తలు. ప్రాణం మీదికొచ్చే సూచన ఉంటె ఈ వరుస గిరుస ఏం లేదు, అన్ని పక్కకు పెట్టు. "నేనుంటె ఎంత లేకుంటె ఎంత", "నేను పోతె బీమా పైసలన్న మీకొస్తయ్" అసొంటి మాటలు, నిద్ర లేకపోవుడు, తిండి బందువెట్టుడు, ఒక్కసారిగ తాగుడు పెరుగుడు, ఉన్నట్టుండి అందరికి అప్పగింతలు చెప్పుడు. వదినను అడుగు ఇయ్యాలనే, ఆమెకు తెలుస్తది. అట్లాంటిదేమన్న ఉంటె అదే రాత్రి బయల్దేరు, ఆయనను ఒంటరిగ ఉంచొద్దు, ఇంట్ల ఉన్న పురుగు మందు డబ్బాలన్ని బయటికి, వేరేటోళ్ళింటికి పంపియ్యాలె. "చచ్చిపోవాలనిపిస్తున్నదా అన్నా" అని సూటిగనే అడుగు, అడిగితే లేని ఆలోచన పుడ్తదనేది ఉత్త భయం, అడిగితేనే మనిషికి భారం దిగుతది. 14416 టెలీ మానస్ నంబరు, పైసలు లేకుంట, రాత్రి పగలు, తెలుగులనే మాట్లాడుతరు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక వైద్యుల ఓపీ ఉన్నది. ఏమన్న తాగిండని అనుమానమొస్తె ఇగ ఏం ఆలోచించకు, 108.

ప్రేమ అంటె జమానతు సంతకం పెట్టుడు గాదు. ఇది గట్టిగ చెప్తున్న, ఎందుకంటె ఇట్ల చెప్తె కొందరు పోయి ఉన్న పీఎఫ్ మొత్తం తీసి అన్న చేతిల పోస్తరు. నీకు పెండ్లాం పిల్లలున్నరు, వాళ్ళకు తెల్వకుంట పైస ఇయ్యకు, ఇచ్చినవంటె ఇంకో ఇంట్ల కొట్లాట మొదలైతది. తాగుడుకు పోతున్నయని తెలిస్తె చేతికి పైసలిచ్చుడు బందువెట్టి, పిల్లల ఫీజు నువ్వే స్కూల్ల కట్టు. అట్ల చేసినా పోవుడు మానకు, ఆ రెండింటికి లింకు పెట్టకు.

ఇగ దీనికి ఉల్టా ఇంకో రకముంటరు, వాళ్ళంటె నాకు ఇంకా మంట. ప్రేమ ప్రేమ అనుకుంట వచ్చి, ఏడ్చి, చాయ్ తాగి పోతరు, ఒక్క కాయిదం కదిలియ్యరు. ఒకింట్ల చూసిన, మేనమామ ప్రాణమిచ్చేటోడే, చావు నుంచి దినాల దాక కదలలె. కని రైతు బీమాల నామినీ పేరు చనిపోయినాయన తల్లిదున్నది, ఆమె అంతకు ముందే పోయింది, ఎవ్వలు మార్పియ్యలె. 5 లక్షలు పది రోజులల్ల పడాల్సినయి, వారసుల సర్టిఫికెట్ అది ఇది అని నెలలు పట్టింది. అన్న నీతోని మాట్లాడుడు మొదలైనంక ఒక పొద్దుటి పనే ఇది, మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి పోయి నామినీ ఎవరున్నరో, ఆధార్ల పుట్టిన తారీఖు సరిగున్నదా చూపిచ్చుకో. 18 నుంచి 59 ఏండ్ల దాకనే బీమా, వయసు ఆధార్ చూసే లెక్కవెడ్తరు, ఏడాది ఆగస్టు 14 కాడ మొదలైతది. చూడు ఎంత చిన్న పనో. ప్రేమున్నోడు గిది గూడ చెయ్యాలె.

చివరికి ఒకటి, నువ్వు రాయలె గని నాకు అనుమానం. "ఇంటి భూమి మూడెకరాలు" అన్నవ్, పాలు పంచుకున్నరా ఇంకా ఉమ్మడిదేనా? పాసుబుక్కు ఇంకా బాపు పేరు మీదనే ఉన్నదా? ఉంటె రైతు భరోసా, పంట రుణం, బీమా ఏదీ అన్న పేరు మీద రాదు, మీరిద్దరు కలిసి వారసత్వం చేయించుకోవాలె, అది ఒక సంగతి. రెండోది అంతకంటె పెద్దది: నువ్వు ఇప్పటిదాక కట్టిన పైసలు రేపు పాలు పంచుకునేటప్పుడు భూమిల కోసుకుంటవేమో అని అన్నకు లోపల ఉండొచ్చు. నీ మనసుల అది లేకపోవచ్చు, కని ఊర్ల అట్లనే అయితది, ఆయన కండ్ల ముందల ఎన్ని చూసి ఉంటడు. నువ్వు పంపిన షీట్ల "తమ్ముడు ఇచ్చింది" అని ఒక కాలం పెట్టినవా? పెట్టినవంటె ఫోన్ ఎందుకెత్తుతలేడో నాకు సగం అర్థమైనట్టే. కోసుకునే ఉద్దేశం లేకపోతె ఈసారి పోయినప్పుడు వదిన ముందల నోటితోని చెప్పు, "నేనిచ్చింది భూమిల లెక్క గాదన్నా" అని. ఉద్దేశం ఉన్నదనుకో, అది గూడ తప్పు గాదు, అన్నదమ్ములకు హక్కుంటది, కని దాన్ని ప్రేమతోని కలపకు, పెద్దమనుషుల్ల కూసోని వేరే మాట్లాడుకోవాలె.

పాసుబుక్కు ఎవరి పేరు మీదున్నదో కింద రాయి, వారసత్వం కాయిదాలు ఏమేం కావాల్నో చెప్త. ఆలోపు పోయిరా, ఫోన్ చేసి వస్తున్ననని చెప్పకు, వదినకు ఒక్కదానికి చెప్పు చాలు.